రాసింది మళ్లీ దొరకాలి, పిన్నిగారూ!

పిన్నిగారూ, ఆ తడిబట్టలు తరవాత ఆరేద్దురుగాని, ఒక్క నిమిషం గోడ దగ్గరికి రండి. మీరు బ్లాగు పెడతానంటున్నారని మీ అబ్బాయి చెప్పాడు. శుభం! "ఈ రోజుల్లో బ్లాగులెవరు చూస్తారండీ, అంతా రీల్సే కదా" అని కూడా అన్నాడు లెండి. ఆ మాట పక్కన పెట్టండి. పోయిన సంక్రాంతికి మన కాలనీ గ్రూపులో అరిసెల పాకం గురించి రాశారు కదా, ఉండపాకం ఎలా చూసుకోవాలో, తడిపిండి ఆరిపోతే ఏమవుతుందో అన్నీ విడమరిచి. మొన్న మా ఆడపడుచు అడిగితే దానికోసం వెతికాను. దానిమీద ఎన్ని గుడ్ మార్నింగులు, ఎన్ని పుట్టినరోజు కేకులు, ఎన్ని "కరెంటు ఎప్పుడొస్తుందండీ"లు వచ్చి పడ్డాయో! ఎంత వెనక్కి వెళ్లినా దొరకలేదు. మళ్లీ మిమ్మల్నే అడగాల్సొచ్చింది.

బ్లాగు ఎందుకూ అంటే అందుకే. గ్రూపులో పెట్టింది ఆ పూటకి. బ్లాగులో పెట్టింది నాలుగేళ్ల తరవాత, మీరెవరో తెలియని పిల్ల ఒకర్తి పొయ్యిమీద బెల్లం గిన్నె పెట్టుకుని కంగారుగా వెతికినా దొరకాలి. బ్లాగులో హెడరనీ లేబులనీ ఆర్కైవనీ బోలెడు పేర్లు చెప్పి భయపెడతారు గానీ, అవన్నీ ఉన్నది ఈ దొరకడం కోసమే. అది గుర్తుపెట్టుకుంటే ఏ భాగం ఎందుకో మీకే తెలిసిపోతుంది.

ఖర్చా? పైసా అక్కర్లేదు. బ్లాగర్ అని ఒకటుంది, 1999లో మొదలైంది, 2003లో గూగుల్ కొనేసింది. మీ జీమెయిల్ ఉంటే చాలు, చివర బ్లాగ్‌స్పాట్ అని వచ్చే అడ్రసు ఊరికే ఇస్తారు. వర్డ్‌ప్రెస్ అని ఇంకోటి 2003లోనే వచ్చింది, అందులోనూ ఉచితంగా పెట్టుకోవచ్చు. రెండిట్లో ఏది మంచిదని నెలల తరబడి తర్జనభర్జన పడేవాళ్లున్నారు. మీకు బ్లాగర్ చాలు. సొంత పేరుతో డాట్ కామ్ కావాలంటే ఏడాదికింతని కట్టాలి, అది తరవాత చూసుకోవచ్చు. అన్నట్టు, బ్యాంకు కాగితాలు వచ్చే మెయిలు దీనికి వాడకండి, విడిగా ఒకటి తెరుద్దాం.

ముందు పేరూ అడ్రసూ. పేరు తెలుగులో ఏదైనా పెట్టుకోండి, పైన పెద్దక్షరాల్లో హెడర్‌లో కనిపించేది అదే. కింద ఒక్క వాక్యం, ఇక్కడ ఏం దొరుకుతుందో చెప్పేది. "మనసు పలికే మౌనరాగాలు" లాంటివి వద్దు, దాన్నిబట్టి పాకం సంగతి ఎవరికి తెలుస్తుంది? "కోనసీమ వంటలు, కొలతలతో సహా" అనండి, చదివినవాళ్లకి క్షణంలో అర్థమవుతుంది. అడ్రసు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి కాబట్టి అక్కడ జాగ్రత్త. దీర్ఘానికి ఒక 'ఎ' పెట్టాలా రెండా, 'వ'కి 'వి'నా 'డబ్ల్యూ'నా అని అడిగే పేరైతే చెప్పిన ప్రతిసారీ తంటా. మీ చెల్లెలికి ఫోన్‌లో ఒక్కసారి చెబితే తప్పు లేకుండా కొట్టగలగాలి. అదే పరీక్ష.

ఇక అసలు సరుకు టపా. మీరు రాసే ఒక్కో వ్యాసాన్నీ తెలుగు బ్లాగర్లు టపా అంటారు. కొత్తది పైకొస్తుంది, పాతది కిందికి జరుగుతుంది, తేదీ దానంతటదే పడుతుంది. ఇది కాక 'పేజీ' అని ఇంకోటుంది. అది ఎక్కడికీ జరగదు, పైన మెనూలో ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఏది టపాగా రాయాలి, ఏది పేజీగా పెట్టాలి అంటారా? మీ సంగతే చూడండి. మీరు మాట్లాడితే సోల, తవ్వ, గిద్ద అంటారు. హైదరాబాదు ఫ్లాటులో ఉన్న మీ కోడలికి అవేం తెలుస్తాయి? గిద్దలు నాలుగైతే సోల, సోలలు రెండైతే తవ్వ, తవ్వలు రెండైతే మానిక అని ఒక పేజీ రాసి పెట్టండి. మీ ఇంట్లో ఇత్తడి సోల ఉందిగా, దాన్నిండా బియ్యం పోసి తూకం వేసి ఎన్ని గ్రాములో పక్కనే రాయండి. ప్రతి వంటలోనూ ఆ పేజీకి లంకె ఇస్తే సరి, ప్రతిసారీ విడమర్చక్కర్లేదు. 'నా గురించి' అన్నది రెండో పేజీ. మీరెవరు, ఏ ఊరి వంట మీది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇంతవరకే. ఇంటి నంబరు, ఫోన్ నంబరు, మనవరాలి స్కూలు పేరు, ఇలాంటివేవీ వద్దు. ఊళ్లో లేనప్పుడు "కాశీ వెళ్తున్నాం" అని టపా అసలే వద్దు, వచ్చాక రాసుకోవచ్చు.

ఉండండి, కుక్కరు కూత పెట్టింది, కట్టేసి వస్తా.

ఆఁ, టపా దగ్గర ఉన్నాం కదూ. మీ పనసపొట్టు కూరే తీసుకోండి. మీరు రాస్తే ఎలా రాస్తారో నాకు తెలుసు. చిన్నప్పటి పెరడు, పనసచెట్టు, మీ నాన్నగారు, పెళ్లిభోజనాలు, ఇలా రెండు పేజీలయ్యాక కూర మొదలవుతుంది. పెరడు ఉండాల్సిందే, అది లేకపోతే అది మీ బ్లాగే కాదు. కానీ కూర ముందు రావాలి. శీర్షిక "పనసపొట్టు కూర, ఆవ ఎప్పుడు పెట్టాలి" అని పెట్టండి. జనం వెతికేది వంట పేరుతో, ఆ వంటలో వాళ్లకి చెడిపోయే చోటుతో. "ఆనాటి రుచులు" అని ఎవరూ వెతకరు.

తరవాత సరుకులు. పొట్టు ఎంత, చింతపండు ఎంత, ఎండుమిరపకాయలు ఎన్ని, ఆవాలు ఎన్ని చెంచాలు. ఆ తరవాత పద్ధతి, ఒక్కో పనికి ఒక్కో వరస. పొట్టు బజారులో కొట్టించుకోవచ్చని, ఇంట్లో కొట్టుకుంటే చేతులకీ కత్తికీ నూనె రాసుకోవాలని, లేకపోతే జిగురు వదలదని. ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, చల్లారాక నీళ్లు గట్టిగా పిండెయ్యాలని. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు ఘుమఘుమలాడాక పొట్టు వేసి చింతపండు పులుసు పోసి మగ్గనివ్వాలని. అసలు కిటుకు ఇక్కడుంది. ఆవముద్ద పొయ్యిమీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది, దించాక, కాస్త వేడి తగ్గాక కలపాలి. మీరు ఇది మాకు ఎన్నిసార్లు చెప్పారో! ఈ ఒక్క వాక్యాన్ని విడిగా, ముద్ద అక్షరాల్లో పెట్టండి. సగంమంది దానికోసమే వస్తారు. ఆ కింద పెరడూ పనసచెట్టూ మీ నాన్నగారూ ఎంత కావాలంటే అంత. కూర దొరికి తృప్తిపడ్డవాళ్లు కూర్చుని అదీ చదువుతారు. ఒక టపాలో ఒక్క సంగతే. పనసపొట్టు రాస్తూ పనసతొనల పాయసంలోకి వెళ్లిపోకండి, అది ఇంకో టపా.

ఇంకో చిన్న మెలిక ఉంది, తెలుగులో రాసేవాళ్లకే వచ్చేది. శీర్షిక తెలుగులో ఉంటే బ్లాగర్ ఆ టపా అడ్రసుని ఇంగ్లీషులో ఉత్తినే 'బ్లాగ్-పోస్ట్' అని తయారు చేసేస్తుంది. పది టపాలకీ అదే పేరు, వెనక ఏవో అంకెలు. వర్డ్‌ప్రెస్‌లో అయితే తెలుగు పేరే ఉంచుతుంది గానీ, దాన్ని కాపీ చేసి ఎవరికైనా పంపితే శాతం గుర్తులూ అంకెలూ బారెడు పొడుగున వస్తాయి. ఏదో వైరస్ అనుకుని ముట్టుకోరు. అందుకని పబ్లిష్ నొక్కే ముందు పక్కన పర్మాలింక్ అని ఉంటుంది, అక్కడ కూర పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మీరే కొట్టండి. ముందే చెయ్యాలి. పంచుకున్నాక మారిస్తే పాత అడ్రసు పట్టుకొచ్చినవాళ్లకి ఖాళీ పేజీ ఎదురవుతుంది.

లేబుళ్ల గురించి అడిగారా? ఇది పచ్చడి, ఇది పిండివంట, ఇది పులుసు అని ప్రతి టపాకీ అంటించే చీటీలవి. ఒక చీటీ నొక్కితే ఆ రకానివన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఉత్సాహం కొద్దీ టపాకి పదేసి అంటిస్తారు కొత్తవాళ్లు, రుచి, అమ్మ, జ్ఞాపకం, వాన అంటూ. మీ పోపులపెట్టెలో ఏడు గిన్నెలే కాబట్టి చూడకుండానే చెయ్యి ఆవాల మీదికి పోతుంది, ముప్ఫై ఉంటే పోదు. లేబుళ్లూ అంతే, ఏడెనిమిది మించకుండా ముందే రాసుకోండి. పచ్చడి అని ఒకసారి, పచ్చళ్లు అని ఇంకోసారి పెడితే రెండూ వేరు వేరు లేబుళ్లయిపోతాయి, అది చూసుకోండి. పక్కన పట్టీలో ఈ లేబుళ్లు, వెతుక్కునే పెట్టె, నెలల వారీగా పాత టపాలు చూపించే ఆర్కైవ్, ఈ మూడూ చాలు. గడియారాలు, ఎగిరే సీతాకోకచిలుకలు, వచ్చినవాళ్ల లెక్క చెప్పే మీటర్లు పెట్టకండి. చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లో చూస్తారు, అక్కడ చాలా బ్లాగుల్లో ఆ పట్టీ వెంటనే కనిపించనే కనిపించదు.

టైపింగా? మీకు అదే బెంగ అని తెలుసు. 2006లో వీవెన్ గారు లేఖిని అని ఒకటి చేసి పెట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ అని పడుతుంది. చిన్న 'టి' కొడితే త, పెద్ద 'టి' కొడితే ట. కంప్యూటరు ముట్టుకున్న ఎంతోమంది మొదటి తెలుగు వాక్యం దాంట్లోనే రాశారు. ఆయనే కూడలి అని ఇంకోటి పెట్టి, తెలుగు బ్లాగుల్లో కొత్తగా ఏమొచ్చాయో ఒక్కచోట చూపించేవారు. జల్లెడ, హారం, మాలిక అని అలాంటివే తరవాత వచ్చాయి. డిసెంబరు రెండో ఆదివారం తెలుగు బ్లాగుల దినోత్సవమని చేసుకునేవాళ్లు కూడా. ఇప్పుడు మీకు అంత శ్రమ లేదు, ఫోన్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది, మైకు నొక్కి మాట్లాడితే తెలుగు పడుతుంది. అచ్చుతప్పులు దిద్దుకోవాలంతే. ఆవముద్దని ఆముదం చేసిందంటే కొంప మునుగుతుంది!

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నా. మీ తమ్ముడుగారు డీటీపీ చేయించి పెట్టిన వ్రతకథల ఫైళ్లున్నాయి కదా, అవి తీసుకొచ్చి అలాగే అతికించేయకండి. అను ఫాంట్లలో కొట్టినవి అచ్చుకి బ్రహ్మాండంగా ఉంటాయి గానీ బ్లాగులో పెడితే పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో ఉన్న తెలుగుకే ఏ ఫోన్‌లో చూసినా తెలుగుగా కనిపించే యోగం, గూగుల్‌లో వెతికితే దొరికే యోగం. తొలిరోజుల్లో తెలుగు పత్రికల సైట్లకి ఒక్కోదానికి ఒక్కో ఫాంటు దించుకోవాల్సొచ్చేది, గుర్తుందా? ఆ బాధ పడలేకే వెన్న నాగార్జున గారు పద్మ అని ఒక ఉపకరణం చేశారు, ఆ రకరకాల ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. మీ వ్రతకథలని కూడా మార్చుకునే దారులున్నాయి, మార్చాక పెడదాం. అదే ఫొటో తీసి పెడదామంటారా? ఫొటోలో ఉన్న అక్షరాలు అంత తేలిగ్గా కాపీ చేసుకోడానికి రావు, వెతుకులాటలో దొరుకుతాయన్న భరోసా లేదు. వంటకం బొమ్మగా పెట్టండి, వంట పద్ధతి అక్షరాల్లోనే రాయండి.

బొమ్మలంటే గుర్తొచ్చింది. గూగుల్‌లో దొరికిందని ఎవరో తీసిన పనసకాయ ఫొటో తెచ్చి పెట్టకండి. అది తీసినవాళ్లది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, రచయిత బతికున్నంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పాత పుస్తకంలోంచి ఒక అధ్యాయం ఎక్కించేద్దామన్నా ఈ లెక్క చూసుకోవాలి. మీ వంటింటి కిటికీ దగ్గర పగటి వెలుతురులో మీ ఫోన్‌తో తీసిన ఫొటో చాలు. పక్కన స్టీలు గిన్నె మీద చందమామలా లైటు మెరవకుండా చూసుకోండి, అంతే.

వ్యాఖ్యల సంగతి మీరు అడగలేదు గానీ నేనే చెబుతున్నా. చాలామంది వాటిని మెచ్చుకోలు కోసమే అనుకుంటారు. వరంగల్లులో తెలుగు పండితులుగా చేసిన కంది శంకరయ్య గారి శంకరాభరణం బ్లాగు చూడండి ఒకసారి. ఆయన ఒక సమస్య ఇస్తారు, ఒక్క పాదం. దేశవిదేశాల్లోని పద్యప్రియులు వ్యాఖ్యల్లో పూరణలు రాస్తారు. ఛందస్సు తప్పితే ఆయన సరిదిద్దుతారు. అక్కడ టపా రెండు మూడు వరసలే, అసలు సారం అంతా వ్యాఖ్యల్లోనే ఉంటుంది! మీ దగ్గరా అలా జరుగుతుంది. పొట్టు దొరకని ఊళ్లోంచి ఎవరో "డబ్బాలో ఉప్పునీళ్లలో వచ్చే పచ్చి పనసముక్కలతో చెయ్యొచ్చా?" అని అడుగుతారు. ముక్కలు రెండుమూడు నీళ్లు మార్చి కడిగి, పిండి, ఉప్పు తగ్గించుకోమని మీరు చెబుతారు. ఆ జవాబుతో ఆ టపా ఇంకో పదిమందికి పనికొస్తుంది. తీరుబడిగా ఆ ముక్క పైన టపాలోనూ చేర్చండి. అలాగని తలుపులు బార్లా తీసిపెట్టకండి. మీరు ఒప్పుకున్నాకే వ్యాఖ్య కనిపించేలా సెట్టింగు ఉంది, అది పెట్టుకోండి. 'అజ్ఞాత' అన్న పేరుతో వచ్చి కులం, ఊరు, యాస ఎత్తి పోట్లాడేవాళ్లుంటారు, వాళ్లకి జవాబివ్వకుండా తీసెయ్యండి. మీ బ్లాగు, మీ ఇష్టం.

డబ్బులొస్తాయా అంటే, బ్లాగులో ప్రకటనలు చూపించి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగుని కూడా ఒప్పుకుంటోంది. నిజమే. కానీ పెరుగు పాకెట్టు ఖర్చు కూడా దాంతో వెళ్లదీద్దామనుకోకండి. పైగా పాకం దగ్గర నిలబడి చదువుతున్నవాళ్లకి మధ్యలో అప్పుల యాప్ ప్రకటన అడ్డమొస్తే చిరాకు.

సరే, ఇవన్నీ భాగాలు. పథకం మాటేమిటంటారా? ఒక హద్దు గీసుకోవడమే పథకం. జూలీ అండ్ జూలియా సినిమా చూశారా, మెరిల్ స్ట్రీప్ ఉంటుంది, 2009లో వచ్చింది? అది నిజం కథ. న్యూయార్క్‌లో జూలీ పావెల్ అనే ఆవిడ ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ 2002లో బ్లాగు మొదలుపెట్టింది. జూలియా చైల్డ్ రాసిన ఫ్రెంచి వంటల పుస్తకంలోని 524 వంటలూ 365 రోజుల్లో చేసి, ఏ రోజు ఏం జరిగిందో రాస్తానంది. చేసింది. పుస్తకమైంది, సినిమా అయింది. నాకు నచ్చింది ఆ హద్దు. ఏ పుస్తకం, ఎన్ని వంటలు, ఎన్నాళ్లు, అన్నీ మొదటి రోజే తేల్చేసుకుంది. ఇవాళ ఏం రాయాలని తల పట్టుకునే అవసరం లేదు, చదివేవాళ్లకి తరవాత ఏమవుతుందోనన్న ఆత్రం.

మనకి 365 రోజులూ అక్కర్లేదు. పదిహేను రోజులకి ఒకటి చాలు, కానీ తప్పకూడదు. పంచాంగం ముందు పెట్టుకుని కూర్చుందాం. వేసవికి ఆవకాయ, చవితికి ఉండ్రాళ్లు, అట్లతద్దికి అట్లు, సంక్రాంతికి అరిసెలు. పండగ రోజున కాదు, పది రోజుల ముందు టపా పడాలి. బియ్యం నానబెట్టకముందే చదివితేనే కదా ఉపయోగం! ముందే రాసి పెట్టి ఫలానా తేదీన పడేలా పెట్టుకునే వీలుంది, మీరు తీర్థయాత్రలో ఉన్నా అదే పడుతుంది. ఒక మంచి రోజు చూసి ఒక్క టపాతో గృహప్రవేశం చేసేయకండి, నాలుగైదు రాసి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. ఆరంభశూరత్వంతో మూతపడ్డ బ్లాగులు తెలుగులో కొల్లలు, "త్వరలో మళ్లీ కలుద్దాం" అన్న టపాతో ఆగిపోయినవే ఎక్కువ.

రాసినదాని నకలు మాత్రం మీ దగ్గర ఉంచుకోండి. గూగుల్ వాళ్లే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకోకండి. గూగుల్ ప్లస్ అని ఎంతో ఆర్భాటంగా పెట్టారు, 2019లో మూసేశారు. దాని వ్యాఖ్యలని బ్లాగుకి తగిలించుకున్నవాళ్ల వ్యాఖ్యలన్నీ దాంతోపాటే పోయాయి. బ్లాగర్‌లో మొత్తం టపాలన్నీ ఒక ఫైలుగా దించుకోవచ్చు. ఉగాదికోసారి, దసరాకోసారి దించి పెన్‌డ్రైవ్‌లో పడేయమని మీ అబ్బాయికి చెప్పండి. రీల్స్ చూసే చేతులకి ఆ మాత్రం పని ఉండాలి.

ఇక వెళ్తానండీ, మావారు వచ్చే వేళయింది. ఇప్పుడే కంప్యూటరు తెరవకండి. ముందు ఒక కాగితం తీసుకుని పది శీర్షికలు రాయండి, ఒక్కోదాని పక్కన అది ఎవరికి, ఏ సందర్భంలో పనికొస్తుందో ఒక్క ముక్క రాయండి. పది రాయలేకపోయారంటే బ్లాగు తొందర లేదు, గ్రూపులోనే రాస్తూ ఉండండి. రాశారంటే సగం బ్లాగు అయిపోయినట్టే, మిగతాది ఒక పూట పని. ఆదివారంలోగా ఆ కాగితం ఇవ్వండి, అది చూశాకే అడ్రసు తీసుకుందాం.